వెనక సీటు పిడి

ఆ రోజు పొద్దున నా బల్ల మీదికి వచ్చిన పైకప్పు మచ్చులో చిల్లులు లేవు. కారులో కూర్చుంటే తల పైన బూడిదరంగు గుడ్డ అంటించిన అట్టలాంటిది కనిపిస్తుంది చూడండి, అదే పైకప్పు; మచ్చంటే కారు చేసేముందు చేసి చూసే నమూనా. వెనక తలుపుల దగ్గర అటు రెండు, ఇటు రెండు చిల్లులు ఉండాలి. చేతిపిడి బిగించేది వాటిలోంచే. మచ్చుని తిరగేసి చూశాను. వెలుతురుకి ఎత్తి చూశాను. ఎక్కడైనా రాలిపోయాయేమోనని బల్ల కిందకి కూడా వంగి చూశాను. చిల్లులు రాలిపోతాయా? కోపం వస్తే నా బుర్ర అలాగే పనిచేస్తుంది.

మచ్చుతో పాటు ఒక చీటీ వచ్చింది. వెనక పిడులు రెండూ తీసేశారట, నేను సంతకం చేసి పంపాలట. కింద మా వదిన సంతకం ఉంది.

మా కంపెనీ ఎలక్ట్రిక్ కార్లు చేస్తుంది. సీటు తొడుగు, తలుపు మెత్త, డ్యాష్‌బోర్డు తోలు, కారు లోపల మనిషి ఒంటికి తగిలేదంతా ముందు నా మచ్చుల గదిలోనే తయారవుతుంది. కుట్టి, అతికించి, నాలుగు రోజులు తడిమి చూసి, బాగుందనిపిస్తే వెనక వైపు ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతాను. ఆ సంతకం పడ్డాకే మోల్డుల వాళ్ళు అచ్చులకి ఇనుము కోస్తారు. ఒకసారి ఇనుము కోశాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చలేడు.

వదిన కాస్టింగ్ డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఏ వస్తువుకి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చేది ఆవిడే. ఆఫీసులో అందరూ చాటుగా ఆవిణ్ణి 'కత్తెర' అంటారు. పొద్దున లేస్తే నిజమైన కత్తెర పట్టుకునేది నేను, పేరు మాత్రం ఆవిడకి పడింది. మా అన్నయ్య భార్య కావడంతో ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆవిడ మొహమే చూడాలి. ఇంటి పై వాటాలో వాళ్ళు, కింద వాటాలో నేనూ నాన్నా.

మచ్చు చంకన పెట్టుకుని నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"వదినా, చిల్లులేవి?"

"తీసేశాం చిట్టీ." కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "మొన్న పరీక్షకి నలభై మందిని పిలిపించి, నమూనా కారులో వెనక సీటు ఎక్కించి దింపారు కదా. ఆ పిడి ముట్టుకున్నది ఇద్దరంటే ఇద్దరు. వాళ్ళ కోసం ప్రతి కారుకీ రెండు పిడులు, వాటి వెనక ఇనప పట్టీలు, మరలు పెట్టమంటావా?"

"పెట్టమంటాను."

"అయితే వెళ్ళి పెద్దాయనతో చెప్పు."

పెద్దాయన అంటే ఈ కారు మొత్తానికి బాధ్యుడు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. అయినా అందరూ పెద్దాయన అనే అంటారు, ఆయన కూడా అలాగే నడుస్తాడు. నన్ను చూడగానే మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"రండి మేడమ్. మీ డ్యాష్‌బోర్డు కుట్టు అద్భుతం. బ్రోషరు మొదటి పేజీలో అదే వేస్తున్నాం. షోరూమ్‌లో కొనేవాడు ముందు దాని మీదే చెయ్యి వేస్తాడు."

"కుట్టు సంగతి తర్వాత. వెనక పిడులు ఎందుకు తీసేశారు?"

"ఎవరూ వాడట్లేదు కాబట్టి. నలభైలో ఇద్దరు! పైకప్పు పిడిని చూసి కారు కొన్నవాణ్ణి మీరు ఎక్కడైనా చూశారా?"

"పిడి లేక కారులోంచి దిగలేకపోయినవాణ్ణి చూశాను."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఎల్లుండి మీటింగు. అప్పటికి ఆ మచ్చు మీద మీ సంతకం ఉండాలి. మీకు ఇష్టం లేకపోతే సంతకం పెట్టే కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాం. మీరు మళ్ళీ ఫ్యాక్టరీలో లైన్ మీద సీట్లు కుట్టుకోవచ్చు."

తొమ్మిదేళ్ళు లైన్ మీద కుట్టి, వేళ్ళు కాయలు కాసి, పన్నెండేళ్ళ కింద ఆ కుర్చీకి వచ్చాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు. మచ్చు మళ్ళీ చంకన పెట్టుకుని, తలుపు గట్టిగానే వేసి బయటికి వచ్చాను.

దిగలేకపోయిన ఆ మనిషి మా నాన్నే.

నాన్న బస్సు సీట్లకి తొడుగులు కుట్టి మమ్మల్ని పెంచాడు. నేను కుట్టే జంట కుట్టు ఆయన నేర్పిందే. రెండు దారాలు పక్కపక్కనే, వెంట్రుకవాసి తేడా లేకుండా వెళ్ళాలి. అది చేతికి పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది. వంకర పోతే నాన్న ఒక్క మాట కూడా అనేవాడు కాదు, మొత్తం విప్పేసి నా ఒళ్ళో పడేసేవాడు. ఇప్పుడాయన మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇంట్లో గోడ పట్టుకుని బాగానే తిరుగుతాడు. ఎవరైనా చెయ్యి అందిస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. అంటే, లేవగలిగితే లేస్తాడు.

ఎనిమిది నెలల కింద వదిన ఆయన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. అదీ ఎలక్ట్రిక్ టాక్సీయే. ఈ కార్లలో బ్యాటరీ కాళ్ళ కింద పరిచి ఉంటుంది. దాంతో నేల ఎత్తవుతుంది, సీటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డం వైపు లేస్తాయి. మోకాళ్ళు బాగున్నవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. నాన్న దిగబోయి లేవలేకపోయాడు. పట్టుకోవడానికి పిడి లేదు. చివరికి డ్రైవరూ, దారినపోయే ఇంకొకాయనా చంకల్లో చేతులు వేసి బయటికి లాగారు. నాన్న చొక్కా పైకి జరిగిపోయి పొట్ట కనిపించింది. చుట్టూ జనం.

"నేను మూటనా?" అన్నాడు ఇంటికి వచ్చాక. అంతే. ఆ రోజు నుంచి గడప దాటలేదు. అంతకు ముందు రోజూ మధ్యాహ్నం పాత రకం టాక్సీ ఎక్కి తన పాత స్నేహితుడి కుట్టు దుకాణానికి వెళ్ళేవాడు. అక్కడ కూర్చుని అందరి కుట్లకీ వంకలు పెట్టడం ఆయనకి ప్రాణం. ఇప్పుడా స్నేహితుడు ఫోన్ చేస్తే "ఇక్కడ వానగా ఉందిరా" అంటాడు. కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీదే పడుతూ ఉంటుంది.

ఆ సాయంత్రం వదిన తన కంచం పట్టుకుని కిందకి దిగింది. అన్నయ్య ఊళ్ళో లేడు. నేను కంచం తోసేసి మొదలుపెట్టాను.

"నీకు సిగ్గుగా లేదూ? ఆ రోజు టాక్సీలో నాన్న పక్కనే ఉన్నావు. ఇంటికొచ్చి నువ్వే ఏడ్చావు. ఇప్పుడు నీ చేత్తోనే పిడి తీసేశావు."

"మామయ్యగారి ముందు గొంతు తగ్గించు."

"ఎందుకు తగ్గించాలి? ఆయన కోసమే కదా అరుస్తోంది."

వదిన ముద్ద కంచంలో పెట్టేసింది. "నాకు పిడి మీద పగా? కారు లోపలికి ఇంత ఖర్చు అని గీత గీశారు. మనం దాటిపోయి ఉన్నాం. ఇంకా దాటితే కారే ఆపేస్తారు. కారు లేకపోతే నీ పిడిని గోడకి తగిలించుకుంటావా? ఏదో ఒకటి పోవాలి. ఏది పోవాలో చెప్పు, వింటాను. ఏదీ పోకూడదంటే మాత్రం నా దగ్గరికి రాకు."

"నీ లెక్కలు నువ్వే చూసుకో. నేను కుట్టేదాన్ని."

"అదే నీ రోగం," అంది వదిన.

నాన్న ఇద్దరి వంకా చూశాడు. "నా గురించి మీకెందుకర్రా గొడవ. నేనింక ఎక్కడికి వెళ్తాను గనక," అన్నాడు, నీళ్ళ గ్లాసు అందుకుంటూ.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చేముందు నాకు కోపం వస్తుంది. ఆ రాత్రి గిన్నెలన్నీ తోమేశాను, తోమినవి కూడా మళ్ళీ తోమాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే నమూనా కారు ఉన్న గదికి పోయాను. చెక్కతో, ఫోముతో చేసిన కారు అది, నిజం కారు కొలతలే. చక్రాలు ఉండవు, కదలదు. పరీక్షలు అయిపోయాయి కాబట్టి విప్పేయడానికి వడ్రంగులు చూస్తున్నారు. ఒక్క గంట ఆగమని బతిమాలాను. నేను బతిమాలడం వాళ్ళెప్పుడూ చూడలేదు, అందుకే ఆగారు.

వెనక సీట్లో కూర్చుని, నాన్నలాగా మోకాళ్ళ మీద బరువు వేయకుండా దిగుదామని చూశాను. ఒక కాలు బయట పెట్టాను. ఒళ్ళు లేవలేదు. చెయ్యి దానంతటదే పైకి పోయి దేన్నో పట్టుకుంది. మెత్తగా, పిడికిలికి సరిగ్గా సరిపోయేలా ఉంది. దాని ఆసరాతో సులువుగా లేచాను. బయట నిలబడ్డాక తల తిప్పి చూస్తే పిడి దాని చోట అది ఉంది, నేను దాన్ని ముట్టుకోనే లేదు.

నేను పట్టుకున్నది కప్పు అంచు.

అప్పుడు తెలిసింది నాకు. లోపల మనుషులు ఎలా కూర్చుంటున్నారో పైనుంచి కెమెరాకి కనిపించాలని, పరీక్షకి ముందు నమూనా కప్పుని మధ్యకి అడ్డంగా కోసేశారు. కోసిన అంచు సరిగ్గా వెనక కూర్చున్నవాడి నుదుటికి ఎదురుగా వచ్చింది. గరుకుగా ఉంది, ఎవరి చేతికైనా గీరుకుంటుందని దానికి మెత్త పెట్టి, మిగిలిపోయిన తెల్ల తోలు చుట్టి కుట్టింది ఎవరనుకున్నారు? నేనే. పావుగంట పని. చేసి మర్చిపోయాను కూడా. నిజం కారులో అక్కడ అంచే ఉండదు, నున్నటి కప్పు తప్ప.

తెల్ల తోలు మీద తలుపు వైపు జానెడు మేర నల్లబడి ఉంది. మిగతాదంతా కొత్తగా మెరుస్తోంది.

వెళ్ళి పరీక్ష వీడియోలు పెట్టించుకుని, కుర్చీ లాక్కుని అన్నీ చూశాను. నలభై మందిలో ముప్పై ఒక్కరు నా మెత్త పట్టుకునే లేచారు. ఒకాయన దిగాక దాన్ని తట్టి మరీ మెచ్చుకున్నాడు. లెక్క రాసినవాడి కాగితంలో ఉన్నవి రెండే గడులు: పిడి పట్టుకున్నారు, పట్టుకోలేదు. అంచు పట్టుకున్నారని రాయడానికి గడి లేదు, అతను రాయలేదు. అతన్ని తిట్టడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. రెండు రోజులుగా ఊరందరి మీదా పళ్ళు నూరుతున్నాను. పిడి పీక నొక్కింది మాత్రం నా చేతులే.

బ్లేడు తీసుకుని ఆ తోలు కుట్లు విప్పి, మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు మీటింగు గదిలో పొడుగాటి బల్ల. బల్లకి ఒక చివర స్టాండు మీద నా డ్యాష్‌బోర్డు ఉంది. మధ్యాహ్నం బ్రోషరు కోసం ఫోటోలు తీస్తారట, దీపాలు కూడా తెచ్చి పెట్టారు. ముదురు గోధుమరంగు తోలు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లేత రంగు జంట కుట్టు. నా పనే అయినా చెప్తున్నాను, చూడముచ్చటగా ఉంది. పెద్దాయన, వదిన, ఇంకో ఐదారుగురు కూర్చుని ఉన్నారు. చిల్లుల్లేని కప్పు మచ్చు కూడా అక్కడే ఉంది, నా సంతకం కోసం.

"చేసేయండి మేడమ్," అన్నాడు పెద్దాయన.

సంచిలోంచి తోలు తీసి ఆయన ముందు పరిచాను.

"ఏంటిది?"

"పరీక్షకి వచ్చినవాళ్ళ చేతి మురికి. మీరు పిడి ఎవరూ పట్టుకోలేదన్నారు కదా. నిజమే, పట్టుకోలేదు. కప్పు కోసేసిన అంచుకి నేను మెత్త కుట్టాను. వాళ్ళు అది పట్టుకుని లేచారు. ముప్పై ఒక్కరు. వీడియోలున్నాయి, లెక్కపెట్టుకోండి. మెత్త కుట్టింది నేను, తప్పు నాది. మీరు అమ్మే కారులో ఆ అంచు ఉండదు. పిడి కూడా ఉండదు. అప్పుడు వాళ్ళు దేన్ని పట్టుకోవాలి, మీ బ్రోషర్నా?"

ఎవరో దగ్గారు. పెద్దాయన తోలుని వేలితో కదిపి చూశాడు. మనిషి మూర్ఖుడు కాడు, అర్థమైంది ఆయనకి. అర్థమైనా బెట్టు దిగలేదు.

"సరే, పరీక్షలో పొరపాటు జరిగింది. అయినా ఖర్చు గీత అక్కడే ఉంది. పిడులు రావాలంటే ఇంకేదో తీసేయాలి. ఏం తీసేయమంటారు?"

వదిన నా వైపే చూస్తోంది. అన్నం దగ్గర అడిగిన ప్రశ్నే మళ్ళీ కళ్ళతో అడుగుతోంది. తలుపు అడుగు దీపాలు తీసేశారు. వెనక గ్లాసు పెట్టుకునే అర తీసేశారు. తీయగలిగినవన్నీ ఆవిడ ఎప్పుడో తీసేసింది. కారు లోపల అక్కర్లేనిది ఇంకేం మిగిలిందా అని వెతుకుతుంటే నా చూపు స్టాండు దగ్గర ఆగింది.

ఆ కుట్టుకి కారుకి పదకొండు నిమిషాలు పడుతుంది, అదీ చెయ్యి తిరిగిన మనిషి చేస్తేనే. నాన్న బస్సు సీటు మీద వేసిన కుట్టు రెండు ముక్కల్ని కలిపి పట్టి ఉంచేది. దాని మీద జనం ఇరవై ఏళ్ళు కూర్చునేవాళ్ళు. ఈ డ్యాష్‌బోర్డు కింద రెండు ముక్కలు లేవు. ఒకటే తోలు. నా కుట్టు దేన్నీ కలపట్లేదు. కుట్టినట్టు కనిపించడానికి కుట్టిన కుట్టు అది. పన్నెండేళ్ళుగా ఇలాంటి కుట్లు చూసి అందరూ ఆహా అంటుంటే నేనూ మురిసిపోయాను.

బ్లేడు నా జేబులోనే ఉంది.

స్టాండు దగ్గరికి వెళ్ళి, ఎడమ చివర మొదటి కుట్టు కింద బ్లేడు దూర్చి తెంపాను. తర్వాత దారం కొస పట్టుకుని లాగాను.

"ఏం చేస్తున్నారు!" పెద్దాయన కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాడు. "మధ్యాహ్నం ఫోటోలున్నాయి!"

"ఇది తీసేయండి," అన్నాను. దారం లాగుతూనే ఇంకా గట్టిగా అన్నాను. "నేనే కుట్టాను, నేనే విప్పుతున్నాను. పదకొండు నిమిషాలు మిగులుతాయి. రెండు పిడులు బిగించడానికి నిమిషంన్నర చాలు. వదినా, లెక్క వెయ్యి."

రెండో దారం కూడా లాగేశాను. తోలు మీద సూది చిల్లులు వరసగా మిగిలాయి. చూడలేక దానికి వీపు పెట్టి నిలబడ్డాను.

వదిన లెక్క వేయలేదు. ఫైల్లోంచి అప్పటికే రాసి ఉన్న కాగితం ఒకటి తీసి పెద్దాయన ముందు పెట్టింది.

"పిడులు, పట్టీలు, మరలు అన్నీ పోను ఇంకా మిగులుతుంది. గట్టి ప్లాస్టిక్ బదులు పిడికి తోలు చుట్టించవచ్చు కూడా," అంది.

"ఇదెప్పుడు వేశావు?" అన్నాను.

"మూడు వారాలైంది."

"మరి చెప్పలేదేం?"

"నీ కుట్టు తీసేయమని నా నోటితో అంటే బతికినన్నాళ్ళూ నాతో మాట్లాడవు. నీకై నువ్వు చెప్తావేమోనని చూశాను."

పెద్దాయనకి మా ఇంటి గొడవ పట్టలేదు. బోసిపోయిన డ్యాష్‌బోర్డునే చూస్తున్నాడు. "కొనేవాడి కంటికి ఆనేది ఇదొక్కటే. ఇదీ తీసేస్తే బ్రోషర్లో ఏం చూపించమంటారు? నేను ఒప్పుకోను."

ఆకుపచ్చ కలం తీసి బల్ల మీద పెట్టాను. "కారులోంచి తనంతట తాను దిగుతున్న మనిషిని చూపించండి. చిల్లులున్న కప్పు తెప్పిస్తే ఈ క్షణమే సంతకం పెడతాను. ఇలాంటి దాని మీద చచ్చినా పెట్టను. కుర్చీ కావాలా? తీసుకోండి. నాకు లైన్ మీద కుట్టడం వచ్చు. కొత్తగా ఎవర్ని కూర్చోబెట్టినా ఈ మురికి తోలు వాళ్ళ బల్ల మీద పెట్టే వెళ్తాను."

వదిన తన పెన్ను మూత పెట్టి, నా కలం పక్కన పెట్టింది.

"ఖర్చు కాగితం మీద నా సంతకం కూడా కావాలి కదండీ," అంది, చాలా మర్యాదగా. "ఆ పిడులు లేకుండా నేనూ పెట్టను."

పెద్దాయన రెండు పెన్నుల వంకా చూశాడు, తోలు వంకా చూశాడు. పడిపోయిన కుర్చీని తనే లేపుకుని కూర్చున్నాడు. "చిల్లులున్న మచ్చు ఎప్పటికి వస్తుంది?" అన్నాడు.

"రేపటికి," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆ మర్నాడు నేను పెట్టిన సంతకం మామూలు కన్నా రెండింతలు పెద్దది. ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

కారు బయటికి రావడానికి ఏడాది పట్టింది. మొదటి కార్లలో ఒకదాన్ని ఆఫీసువాళ్ళు ఒక్క రోజు ఇంటికి తీసుకెళ్ళవచ్చన్నారు. వదిన మధ్యాహ్నం దాన్ని తెచ్చి గుమ్మం ముందు ఆపింది. నాన్నని ఒప్పించడానికి నాకు గంట పట్టింది. వాన అన్నాడు. నొప్పి అన్నాడు. చొక్కా ఇస్త్రీ లేదన్నాడు. చివరికి, దుకాణంలో ఎవరో కొత్తగా చేరారట, కుట్లన్నీ వంకరగా వేస్తున్నారట అని చెప్పాను. లేచి చెప్పులు వేసుకున్నాడు.

వదిన నడిపింది, నేను ముందు కూర్చున్నాను. సగం దారిలో నాన్న రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి వంగి డ్యాష్‌బోర్డు చూశాడు.

"చిట్టీ, కుట్టేదీ?"

"తీసేశాం నాన్నా."

"ఎవరు తీసేసింది?" అంటూ వదిన వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తారు మామయ్యగారూ? మీ అమ్మాయే, అందరి ముందూ బ్లేడు పెట్టి. ఈసారికి కత్తెర నేను కాదు."

నాన్న వెనక్కి ఆనుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఆయన నేర్పిన ఒకే ఒక్క విద్య అది.

"వంకరపోయిందా?" అన్నాడు కాసేపటికి.

"లేదు నాన్నా. తిన్నగానే ఉంది."

"మరి?"

"దాని కింద కలపడానికి ఏమీ లేదు."

ఊఁ అన్నాడు. ఆ ఊఁ నాకు తెలుసు. విప్పి ఒళ్ళో పడేయనప్పుడు అనేది.

దుకాణం ముందు కారు ఆగింది. నేను గబగబా దిగి, వెనక తలుపు తీసి, అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపి నిలబడ్డాను. లోపల గుమ్మంలో ఆయన స్నేహితుడు టేపు మెడలో వేసుకుని చూస్తున్నాడు. మిషన్ల దగ్గర వాళ్ళు కూడా తలలెత్తారు.

నాన్న నా చేతుల వంక చూశాడు. తర్వాత తలెత్తి పైకి చూశాడు. కుడి చెయ్యి ఎత్తి పిడి పట్టుకుని, ఎడమ కాలు కింద పెట్టాడు. ఒక్క క్షణం అలాగే ఆగాడు. పిడి మీద ఆయన వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టి లేచాడు. రెండో కాలు కూడా నేల మీదికి వచ్చింది. చొక్కా చక్కగా కిందికి లాక్కున్నాడు.

నా చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి.

"జరగవే, దారికి అడ్డం నిలబడ్డావు," అన్నాడు నాన్న.